చవక జూమ్ లెన్స్‌తో తండాల్లో ఒక ఏడాది
(జహీరాబాద్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం 'సంస్కృతి పరిరక్షణలో ఛాయాచిత్రాల పాత్ర'. అంత పెద్ద మాట మీద మాట్లాడే చదువు మాకు లేదు. మేము నలుగురం. ఇద్దరం బడిపంతుళ్ళం, ఒకరు డిగ్రీ చదువుతున్న అమ్మాయి, ఒకరు పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే తమ్ముడు. సంఘం తరఫున ఏడాదిగా తండాలు తిరుగుతూ ఫోటోలు తీస్తున్నాం. అందుకని మా చేతిలో ఉన్న ఒక లెన్స్ గురించి మాత్రమే మాట్లాడతాం. అది చవకది, తేలికది. అది చేసిన మంచీ, మాతో చేయించిన తప్పూ రెండూ చెప్తాం.

ముందు ఒక ఫ్లెక్సీ సంగతి. రెండేళ్ళ కింద మాలో ఒకరి దాదీ పోయింది. ఎనభై దాటిన మనిషి. చివరిదాకా ఫేటియా, కాంచళి, టుక్రి తప్ప వేరే బట్ట కట్టలేదు. చేతుల నిండా బలియాలు, చెంపల పక్కన వెండి ఘుగ్రీలు. దినాల రోజు ఫ్లెక్సీ వేయిద్దామంటే ఇంట్లో ఒక్క ఫోటో లేదు. దొరికింది ఆధార్ కార్డు మీది బొమ్మ ఒక్కటే. దాన్ని ఆరడుగులకు పెంచితే ముఖమంతా చుక్కలు చుక్కలైంది. ఫ్లెక్సీ చేసినాయన మంచి మనసుతోనే వెనక గులాబీలు, పావురాలు పెట్టాడు. మెడ కింద బొమ్మ లేదు కాబట్టి ఎవరిదో జరీ చీర అతికించాడు. బతికినన్నాళ్ళు చీర కట్టని మనిషికి పోయాక మేమే చీర కట్టించాం. ఆ ఫ్లెక్సీ తండా మూల మీద రెండు నెలలు ఉంది. పోతూ వస్తూ చూడలేక తల దించుకున్నాం.

ఫోటోలే లేవని కాదు. ఇంట్లో ఆరు ఫోన్లున్నాయి, నాలుగు పెళ్ళిళ్ళ వీడియోలున్నాయి. అన్నిటిలోనూ దాదీ ఉంది, టుక్రీ ముఖం మీదికి లాక్కున్న దాదీ. ఎందుకంటే ఫోన్ అయినా, కెమెరాకు మామూలుగా వచ్చే 18-55 లెన్స్ అయినా మనిషి ముఖం నిండుగా రావాలంటే మూడు నాలుగు అడుగుల్లోకి పోవాలి. పెళ్ళి వీడియో వాళ్ళయితే ముఖం మీదికి లైటు కూడా తెస్తారు. అంత దగ్గరికి ఒక యంత్రం వస్తే మన ముసలమ్మలు ఘుంగ్టో తీసుకుంటారు. అది వాళ్ళ మర్యాద, అందులో తప్పేం లేదు. తప్పు మనం నిలబడిన చోటులో ఉంది. మరి ఫోన్‌లో రెండు వేళ్ళతో జూమ్ చేస్తే సరిపోదా అంటారు. చాలా ఫోన్లలో అది ఉన్న బొమ్మను కోసి పెద్దది చేయడమే. ఆధార్ ఫోటోకు జరిగిందే దానికీ జరుగుతుంది.

కాబట్టి దూరం నుంచి దగ్గరగా చూపించే లెన్స్ కావాలి. పెళ్ళి ఫోటోల తమ్ముడు ముందుగా తన గురువు దగ్గరి 70-200, ఎఫ్ 2.8 లెన్స్ తెచ్చాడు. బొమ్మ అద్భుతం. కానీ ఒక్క లెన్సే 1480 గ్రాములు. పొద్దంతా మెడకు వేసుకుని గుట్టలెక్కి దిగితే మర్నాడు మెడ తిరగలేదు. దాని ధరలో మంచి ఎడ్లజత వస్తుంది. ఇంకో సంగతి, అంత పెద్ద గొట్టం చూడగానే పిల్లలు చుట్టూ మూగారు, పెద్దలు లేచి లోపలికి పోయారు.

చివరికి కొన్నది కెనాన్ వాళ్ళ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం. 2013లో వచ్చిన లెన్స్. హైదరాబాద్‌లో పాతది దొరికింది. బరువు 375 గ్రాములు, అర లీటరు పాల ప్యాకెట్ కంటే తక్కువ. పైనంతా ప్లాస్టిక్, కెమెరాకు తగిలించే అంచు కూడా ప్లాస్టిక్కే. దీన్ని చూసి 'ఆట వస్తువు' అన్నవాళ్ళున్నారు. అననీ. చంకలో బిడ్డను వేసుకుని మా డిగ్రీ అమ్మాయి వాళ్ళ అక్క ఒక్క చేత్తో దీనితో ఫోటో తీసింది. ఆ పెద్ద గొట్టంతో తీయగలిగేదా?

ఇంతకంటే చవకగా 75-300 అని ఒకటి దొరుకుతుంది. కొనబోయే పిల్లలకు చెప్తున్నాం, తొందరపడకండి. దానిలో చేతి వణుకును సర్దే ఏర్పాటు లేదు. 300 దగ్గర అంకె పెద్దగా కనిపిస్తుంది గాని బొమ్మ అదిరిపోతే ఆ అంకె ఏం చేసుకుంటాం? మన 55-250లో ఆ ఏర్పాటు ఉంది. కదలకుండా కూర్చున్న మనిషిని 250 దగ్గర సెకనులో అరవయ్యో వంతు షట్టర్‌తో కూడా చెయ్యి కదలనట్టు తీయవచ్చు. పాతది కొనేటప్పుడు మాత్రం ఫోన్ టార్చి ఒక వైపు నుంచి వేసి ఇంకో వైపు నుంచి లోపలికి చూడండి. మాకు మొదట చూపించిన లెన్స్ లోపల సాలెగూడులాగా బూజు పట్టి ఉంది. తడి గుడ్డతో తుడిస్తే పోతుందన్నారు. అద్దాల మధ్యలో పట్టిన బూజు బయట తుడిస్తే ఎట్లా పోతుంది?

ఇక మా తప్పు. లెన్స్ వచ్చిన మొదటి ఆదివారం బండ్లు వేసుకుని మొగుడంపల్లి వైపు పోయాం. రోడ్డు పక్క అల్లం చేనులో ఆడవాళ్ళు పని చేస్తున్నారు. వాళ్ళలో ఒక పెద్దామె ఫేటియా, కాంచళిలో ఉంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి అద్దాలు మెరుస్తున్నాయి. మేము రోడ్డు దిగలేదు. బండి మీద కూర్చునే, వేపచెట్టు చాటు నుంచి ముప్పై నలభై ఫోటోలు తీశాం. ఆమె నడుం వంచడం, లేవడం, కొంగుతో ముఖం తుడుచుకోవడం. ఘుంగ్టో లేదు, ఏమీ లేదు. ఆనందంతో ఎగిరాం. ఇదే కదా మనకు కావలసింది అనుకున్నాం.

ఆమె చూసింది. చేతిలో పార పట్టుకుని గట్టు దాకా వచ్చింది. కోపంగా కూడా అడగలేదు. "చెట్టు చాటుకెల్లి తీస్తున్నరంటే దొంగతనంగ తీస్తున్నట్టే గద. మీరు మనోళ్ళే గద?" అంది. మా దగ్గర జవాబు లేదు. ఫోటోలన్నీ ఆమె ముందే తీసేశాం. ఆమె అది కూడా అడగలేదు, మాకే చేతులు ఆగలేదు.

ఆ రాత్రి నలుగురం కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. 1871లో తెల్లవాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. అనేక తెగలను పుట్టుకతోనే దొంగలన్నారు. కొన్ని ప్రాంతాల్లో మన లంబాడాలూ ఆ జాబితాల్లోకి ఎక్కారు. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకు, 1952 ఆగస్టు 31న గాని ఆ చట్టం పోలేదు. అడగకుండా మనిషిని చూసి రాసుకునే, కొలుచుకునే చూపు అది. మరో రకం చూపు కూడా ఉంది. 1940లలో నిజాం రాజ్యంలో తిరిగిన హైమన్‌డార్ఫ్ దొర చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, గోండుల మధ్య ఉండి ఎన్నో ఫోటోలు తీశాడు. ఆయన ప్రేమగానే తీశాడు, ఆ తెగలకు మేలూ చేశాడు. అయినా ఆ ఫోటోలు ఈరోజు ఉన్నది లండన్‌లో, సోయాస్ అనే విద్యాసంస్థ భాండాగారంలో. ఈ రెండు చూపులూ మనవి కావని మీటింగుల్లో గట్టిగా మాట్లాడే మేమే, చేతికి పొడుగు లెన్స్ రాగానే చెట్టు చాటుకు పోయాం.

దీనికి దారి వెతుకుతుంటే మన పక్క ఊరే గుర్తొచ్చింది. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు 1990ల చివరి నుంచే వీడియో కెమెరా పట్టుకున్నారు. ఎక్కువ మంది దళిత మహిళలు, బడి ముఖం చూడనివాళ్ళు. వరంగల్ బీటీ పత్తి రైతుల మీద వాళ్ళు 2003లో తీసిన సినిమా దేశదేశాలు తిరిగింది. 2008లో మాచునూరులో సంఘం రేడియో పెట్టారు. వాళ్ళు కెమెరా నేర్చుకునేటప్పుడు షాట్లకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసే షాట్లలో వాళ్ళకు దొర, జీతగాడు కనిపించారు. కళ్ళకు కళ్ళు సమంగా ఉండే షాట్‌కు 'సంఘం షాట్' అని పేరు పెట్టారు. ఫోటోగ్రఫీ మీద ఎంత చదివినా ఇంతకంటే మంచి మాట మాకు దొరకలేదు.

ఇక్కడే మన చవక లెన్స్ ఒక పని చేస్తుంది. లెక్క చెప్తాం, కొంచెం ఓపిక పట్టండి. నిలబడిన మన కళ్ళు నేల నుంచి సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉంటాయి. గడప ముందు కూర్చున్న దాదీ కళ్ళు ముప్పావు మీటరు ఎత్తులో ఉంటాయి. మామూలు లెన్స్‌తో ఒకటిన్నర మీటరు దూరం నుంచి తీస్తే ఇరవై ఆరు, ఇరవై ఏడు డిగ్రీలు పైనుంచి చూస్తున్నాం. అది దొర చూపే. అదే ఎనిమిది మీటర్లు వెనక్కి పోయి 250 దగ్గర తీస్తే వంపు ఐదు డిగ్రీలకు తగ్గుతుంది. చూపు దాదాపు సమం అయిపోతుంది. కెమెరాను నిలువుగా పడితే తల మీది టుక్రీ నుంచి నడుం దాకా నిండుగా వస్తుంది. ఇంకా మేలు, మనమూ కింద కూర్చుంటే సరే సరి. మోకాళ్ళ నొప్పులున్న మా పంతులు గారికి మాత్రం ఎనిమిది మీటర్లే దిక్కు.

వంపును లెన్స్ సర్దుతుంది. అడగడం మాత్రం మనమే చేయాలి. అందుకని ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు కెమెరా లేకుండా పోతాం. రామ్ రామ్ చెప్పి, మంచినీళ్ళు తాగి, ఎవరి బిడ్డలమో చెప్పుకుంటాం. ఫోటో ఎందుకో చెప్తాం. ఫ్లెక్సీ కథ చెప్తే చాలామంది నవ్వి, ఆ నవ్వులోనే ఒప్పుకున్నారు. అప్పుడు కెమెరా తెచ్చి వాకిట్లో ఆ చివరకు పోయి కూర్చుంటాం. కొంచెం సేపటికి ఆమె తన పనిలో పడుతుంది. మేమున్నామని ఆమెకు తెలుసు, అయినా ముఖం మీద యంత్రం లేదు. చెట్టు చాటు నుంచి దొరికిందని ఎగిరిన ఆ సహజమైన ముఖం ఇప్పుడు కూడా దొరికింది. పైగా ఆ కళ్ళు మావైపు చూసి నవ్వే క్షణం ఒకటి దొరికింది. అది చాటు నుంచి తీస్తే ఎన్నటికీ రాదు.

పోయిన శ్రావణంలో తీజ్ వచ్చింది. లెన్స్‌కు అసలు పరీక్ష అప్పుడే. తొమ్మిది రోజులూ పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్ళు పోస్తూ పాడుతుంటే, ఆ వరసలోకి దూరి ఫోటో తీస్తే వరస చెడుతుంది. వాకిలి అంచున నిలబడి తీశాం. ఎవరి పాటా ఆగలేదు. బోరడి ఝష్కేరో రోజు మీకు తెలిసిందే. రేగు ముళ్ళకు నానిన శనగలు గుచ్చుతుంటే వరసైన కుర్రాళ్ళు కొమ్మను ఊపుతుంటారు. ఈ లెన్స్ 85 సెంటీమీటర్ల దాకా దగ్గరికి పోయినా స్పష్టంగా చూస్తుంది. అప్పుడు నాలుగు వేళ్ళ వెడల్పు ఉన్న వస్తువు బొమ్మంతా నిండుతుంది. ఒక ముల్లు, ఒక శనగ, రెండు వేళ్ళు. ఆ వేలి మీద చిన్న రక్తపు చుక్క కూడా కనిపించే ఫోటో మా డిగ్రీ అమ్మాయి తీసింది. ఈ ఏడాది మొత్తంలో అదే మంచి ఫోటో అని మా ముగ్గురి అభిప్రాయం. ఆమె ఒప్పుకోదు.

చీకటి పడ్డాక మాత్రం ఈ లెన్స్ చేతులెత్తేసింది. 250 దగ్గర దీని కన్ను ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ట్యూబులైటు వెలుతురులో ఆట ఆడుతున్న పిల్లలను తీస్తే అన్నీ పొగలాగా వచ్చాయి. ఆట ఆగినట్టు రావాలంటే సెకనులో ఐదువందల వంతు షట్టర్ కావాలి, అంత వెలుతురు అక్కడ లేదు. రెండు రాత్రులు పాడుచేసుకున్నాక 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి అడిగి తెచ్చుకున్నాం. అది 160 గ్రాములే, కానీ దాదాపు పదింతల వెలుతురు లోపలికి రానిస్తుంది. చవక జూమ్ పగటి వస్తువు అని గుర్తుపెట్టుకుంటే దాని మీద కోపం రాదు.

అద్దాల సంగతి ఒకటి చెప్పాలి. మన కాంచళి మీది అద్దాలు ఎండను కెమెరా కంట్లోకి కొడతాయి. కెమెరా దాన్ని పట్టించుకోకుండా ముఖాన్నే చూస్తే అద్దాలు తెల్లటి మచ్చలవుతాయి, పట్టించుకుంటే ముఖం నల్లబడుతుంది. మేము కొంచెం తక్కువ వెలుతురుకు పెట్టి తీసి, తర్వాత ముఖాన్ని కంప్యూటర్‌లో తేటపరుస్తాం. పొద్దున ఎనిమిదింటి లోపు, సాయంత్రం ఐదు తర్వాత అయితే ఈ గొడవ సగం తగ్గుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం దూరం నుంచి తీస్తే నేల మీది వేడిగాలికి బొమ్మ నీళ్ళలో నీడలాగా ఆడుతుంది. లెన్స్ పాడైందనుకుని భయపడకండి. మన ఎర్రమట్టి దుమ్ము, శ్రావణపు జల్లు రెండూ దీనికి పడవు. పాలిథిన్ సంచికి బొక్క పెట్టి రబ్బరు బ్యాండు వేస్తే గడిచిపోయింది.

నిమజ్జనం రోజు ఇంకో ప్రశ్న వచ్చింది. బుట్టలు నెత్తిన పెట్టుకుని చెరువుకు పోయి, తీజ్‌ను సాగనంపేటప్పుడు ఆడపిల్లలు ఏడుస్తారు. మర్నాడు అత్తారింటికి పోవలసినవాళ్ళలాగా ఏడుస్తారు. దూరం నుంచి ఆ ముఖాలు, కన్నీటి చుక్కతో సహా వస్తాయి. బొమ్మలు ఎంత బాగున్నాయంటే, మాలో ఒకరు ఆగలేక ఒకటి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. సాయంత్రానికి అది నాలుగు ఊళ్ళు దాటింది. పెళ్ళి సంబంధాలు చూస్తున్న పిల్ల అది. వాళ్ళ నాయన వచ్చి అడిగితే, అల్లం చేను గట్టు మీద ఎట్లా నిలబడ్డామో అట్లాగే నిలబడ్డాం. రెండోసారి. తండా పంచాయతీలో నాయక్ ముందు తప్పు ఒప్పుకున్నాం. అప్పటి నుంచి ఆడపిల్లల ఫోటోలు ముందు వాళ్ళకే చూపిస్తున్నాం. వద్దన్నది అక్కడికక్కడే తీసేస్తాం, ఎందుకని అడగం. ఉంచినవి కూడా సంఘం కంప్యూటర్ దాటి పోవు.

పొడుగు లెన్స్‌కు ఇంకో గుణం ఉంది, ఇది పెద్దలు కూడా వినాలి. అది చూసేది సన్నటి సందు. ఫేటియాలో ఉన్న దాదీ పక్కనే జీన్స్ ప్యాంటులో మనవరాలు ఉంటుంది, వెనక సెల్ టవర్, పక్కన ట్రాక్టర్ ఉంటాయి. కొంచెం జూమ్ చేస్తే ఇవన్నీ మాయం. వందేళ్ళ కిందటి ఫోటోలాగా వస్తుంది. సావనీరు ముఖచిత్రానికి అట్లాంటిదే కావాలని మన కమిటీలోనే కొందరు అడిగారు. మాకు అది నచ్చలేదు. ఆ మనవరాలే దాదీ జడ వేసింది, ఆ ట్రాక్టర్ కిస్తీ కోసమే కొడుకు చెరకు నరకడానికి మహారాష్ట్ర పోయాడు. వాళ్ళను కోసేస్తే దాదీ ఎవరికి దాదీ? అందుకని ప్రతి దగ్గరి ఫోటోకూ జంటగా పాత 18-55తో ఒక వెడల్పు ఫోటో తీస్తున్నాం, వాకిలంతా వచ్చేట్టు. ఈ సంచికలో రెండూ పక్కపక్కన వేయమని పట్టుబట్టాం. కమిటీ పెద్దలు ఒప్పుకున్నారు, కొంచెం సణిగి.

ఫోటోలు తీసి ఊరుకోలేదు. ఒక్కొక్కరికి కాగితం మీద అచ్చు వేయించి, తండాకు తీసుకుపోయి చేతికిచ్చాం. ఈ పని మానేస్తే మిగతాదంతా మానేసినట్టే. ఒక యాడీ తన ఫోటో చూసి, "నా చెవి ఇంత సాగిందా" అని అరగంట నవ్వింది. ఇంకొకామె ఫోటో ఇవ్వడానికి పోయేసరికి ఆమె లేదు. కోడలికి ఇచ్చి వచ్చాం. ఆ ఇంట్లో ఫ్లెక్సీ మీద ఈసారి చీర లేదు.

అల్లం చేనులో మమ్మల్ని అడిగిన పెద్దామె దగ్గరికి పోవడానికి మాకు ఏడు నెలలు పట్టింది. ముఖం చెల్లలేదు. చివరికి ఆమె తండాలోనే వేరేవాళ్ళకు ఫోటోలు పంచుతుంటే తనే వచ్చి చూసింది. ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసి, "నాది లేదేం?" అంది. మర్నాడు పొద్దున్నే పోయాం. అన్నీ వేసుకుని, ఘుగ్రీలు పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది. మేము పద్ధతి ప్రకారం రామ్ రామ్ చెప్పి, వాకిలి ఆ చివరకు పోయి, లెన్స్ 250కి తిప్పి కూర్చున్నాం. ఆమె చెయ్యి ఊపింది. "అంత దూరం కూసుంటే నా మాట నీకెట్ల వినవడ్తది? ఇట్ల దగ్గరికి రా" అని చాప చూపించింది.

పొడుగు లెన్స్ తీసి సంచిలో పెట్టి, 18-55 తగిలించి చాప మీద కూర్చున్నాం. ఆమె రెండు గంటలు మాట్లాడింది. అల్లం ధర, చిన్నకొడుకు, తన పెళ్ళికి ఎడ్లబండి మీద బీదర్ వైపు నుంచి రావడం అన్నీ చెప్పింది. ఫోటోలు మొత్తం పదకొండే తీశాం.

లెన్స్ ఇప్పుడు సంఘం ఆఫీసు బీరువాలో ఉంది. ఏ తండా వాళ్ళయినా పుస్తకంలో సంతకం పెట్టి వారం రోజులు తీసుకుపోవచ్చు. ముందు మూత పోగొట్టకండి, ఇప్పటికే ఒకటి పోయింది. బ్యాటరీ ఛార్జి పెట్టి తెచ్చివ్వండి. శ్రావణానికి మాత్రం మాకు కావాలి, ముందే చెప్తున్నాం. రామ్ రామ్.